కడియంలో దొరకని మొక్క

ఆకు కోసం మొక్క పెంచడం మనకి కొత్తేమీ కాదు. కరివేపాకు, గోంగూర, తమలపాకు, మునగాకు... ఆఖరికి భోజనానికి అరిటాకు. కానీ కోయకుండా, వండకుండా, దేవుడికి పెట్టకుండా, ఊరికే చూసుకోవడానికి ఆకుని పెంచడం అంటే మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు. "కాయ కాయదు, పువ్వు చూస్తే అంతంతమాత్రం. దానికి నువ్వు రాత్రి పదకొండింటికి టార్చిలైటు పట్టుకుని కాపలా కాస్తున్నావా?" అని మా అమ్మ వాట్సాప్‌లో నిలదీసింది. కాస్తున్నానమ్మా. ఈ వారం ఆ కాపలా సంగతే.

మొక్క పేరు హోస్టా. అమెరికాలో చెట్ల నీడ ఉన్న ఏ ఇంటి ముందు చూసినా కనిపిస్తుంది. నేల మీద నుంచి దుబ్బుగా లేచి, గుండ్రంగా పరుచుకునే వెడల్పాటి ఆకులు. ఆకుపచ్చ, నీలం, లేత పసుపు, తెల్ల అంచు, పసుపు మధ్య... వేల రకాలు ఉన్నాయి. 'బ్లూ మౌస్ ఇయర్స్' అనేది అరచేతిలో పట్టేంత మొక్క, పేరుకి తగ్గట్టే ఎలుక చెవులంత ఆకులు. 'ఎంప్రెస్ వు' అయితే నడుం ఎత్తు లేస్తుంది. 'గ్వాకమోలే', 'ఫ్రైడ్ బనానాస్' అని కూడా రకాలున్నాయి. పేర్లు పెట్టేవాళ్ళు భోజనానికి ముందు కూర్చుని పెడతారేమో అని నా అనుమానం.

నిజానికి ఇది అమెరికా మొక్క కాదు. పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. పంతొమ్మిదో శతాబ్దంలో జపాన్‌లో ఉన్న సీబోల్డ్ అనే జర్మన్ డాక్టరు అక్కడి మొక్కల్ని నెదర్లాండ్స్‌కి తీసుకొచ్చాడు. అంతకుముందే, 1812లో, ఆస్ట్రియాకి చెందిన హోస్ట్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు దీనికి పెట్టేశారు. జపాన్‌లో దీన్ని గిబోషి అంటారు. పాతకాలపు వంతెనల స్తంభాల మీద ఉల్లిపాయ ఆకారంలో ఉండే అలంకారం పేరు అది. మొగ్గ అచ్చం అలాగే ఉంటుంది.

మాది కడియం దగ్గర. నర్సరీలంటే ఏంటో తూర్పు గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా మేనమావకి కడియపులంకలో చిన్న నర్సరీ ఉంది. ఆయన దగ్గర లేని మొక్క కాలవ గట్టు అవతల దొరుకుతుంది, అక్కడా లేకపోతే ఆ మొక్క భూమ్మీద లేదని లెక్క. అలాంటి మావయ్యకి మూడేళ్ళ క్రితం హోస్టా ఫోటో పంపితే, "దీన్ని నేనెప్పుడూ చూళ్ళేదేంటి అమ్మాయ్" అన్నాడు. ఆ గొంతులో కొంచెం అవమానం కూడా వినిపించింది.

చూడకపోవడానికి కారణం ఉంది. హోస్టాకి చలికాలం నిద్ర కావాలి. దాదాపు నెలన్నర పాటు 5 డిగ్రీల లోపు చలిలో వేరు పడుకుంటేనే వసంతంలో బలంగా మొలుస్తుంది. ఆ నిద్ర లేకపోతే ఏడాదికేడాది చిక్కిపోయి చచ్చిపోతుంది. మనం పగలంతా పని చేస్తే రాత్రి నిద్రపోవాలి కదా, దీనికి ఆర్నెల్లు డ్యూటీ, ఆర్నెల్లు నిద్ర. ఇక్కడ మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన, చలికి కొదవ లేదు. మార్చి దాకా నేల రాయిలా ఉంటుంది. ఏప్రిల్ నెలాఖర్లో ఆ రాయిలోంచి ఊదారంగు మొనలు పొడుచుకొస్తాయి. తర్వాత అరటి మొవ్వు విచ్చుకున్నట్టే ఆకు చుట్ట విడుతుంది. నాకీ పిచ్చి పట్టింది ఆ మొవ్వు దగ్గరే. ఇంటి అరటి చెట్టు గుర్తొచ్చింది, అంతే.

పట్టించింది మా పక్కింటావిడ. ఎనభై మూడేళ్ళు. నన్ను 'హనీ' అంటుంది. ఆవిడ వయసుకి పేరు పెట్టి పిలవడం నాకు నోరు రాదు, 'మేడమ్' అంటే ఆవిడ పగలబడి నవ్వుతుంది. ఆ మధ్య పేచీ తేలక ఇన్నాళ్ళుగా "హలో" తోనే నెట్టుకొస్తున్నాను. మేం ఈ అద్దె ఇంట్లో దిగిన మొదటి వేసవిలో పార, కత్తి పట్టుకొచ్చి, తన దుబ్బుల్లోంచి నాలుగు పిలకలు విడదీసి ఇచ్చింది. నలభై ఏళ్ళ తోట ఆవిడది. సగం ఆవిడ పెట్టింది, సగం చనిపోయిన వాళ్ళాయన పెట్టింది. ఆ నాలుగూ ఈ వసంతానికి ముప్ఫై ఎనిమిది అయ్యాయి. అన్నీ కుండీల్లోనే.

కుండీల్లో ఎందుకంటే, హోస్టా నిండుగా తయారవ్వడానికి ఐదారేళ్ళు పడుతుంది, మా హెచ్1బీ మూడేళ్ళకోసారి. ఈ మార్చిలో మా టీమ్‌లో నలుగుర్ని ఒకే రోజు తీసేశారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. నేలలో పెట్టిన మొక్కని అరవై రోజుల్లో సర్దలేం. కుండీ అయితే ఎవరి చేతిలోనైనా పెట్టొచ్చు. అందుకని శీతాకాలం వాటిని హీటర్ లేని గరాజ్‌లో వరసగా పెడతాను, వసంతంలో బయటికి మోస్తాను. మోసేది మా ఆయన, వరస చెప్పేది నేను.

ఇక ఈ ఏడాది సంగతి. మే రెండో వారానికి ఆకులన్నీ విచ్చుకుని, చెయ్యి పెడితే మెత్తగా, తోట చూస్తే కళ్ళు నిండేలా ఉంది. ఒక శుక్రవారం రాత్రి ఫోన్‌లో వాతావరణం చూస్తే మూడు నాలుగు డిగ్రీల దాకా పడొచ్చని ఉంది. దానికి భయం లేదు, అయినా ముందుజాగ్రత్తకి గుమ్మం పక్క వాటి మీద పాత దుప్పట్లు కప్పాం. తెల్లారేసరికి సున్నా కిందకి వెళ్ళిపోయింది. దుప్పటి అందని పదిహేను కుండీల్లో ఆకులన్నీ వేడినీళ్ళు పోసిన పాలకూరలా నీరుకారి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. ఆకులోని నీరు గడ్డకట్టి కణాల పొరల్ని దెబ్బతీస్తుంది, ఎండ రాగానే అది కూలిపోతుంది. చూడ్డానికి చావులా ఉంటుంది గానీ చావు కాదు. వేరులో నిల్వ ఉన్న బలంతో రెండోసారి ఆకు వేస్తుంది. కాకపోతే ఆ రెండో ఆకు చిన్నది. రేషన్ మీద పెరిగిన ఆకు.

పక్కింటావిడ కిటికీలోంచి చూసి, ప్లాస్టిక్ బకెట్లు నాలుగు పట్టుకొచ్చింది. "వచ్చే ఏడాదికి దాచుకో" అంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది కాదు గానీ, నలభై ఏళ్ళ తోటమాలి తన బకెట్లు పంచిపెడుతోందంటే ఏదో ఉంది. రెండు రోజులకి ఆవిడే చెప్పింది. ఇల్లు అమ్మకానికి పెడుతున్నారట. ఆగస్టులో వాళ్ళబ్బాయి ఉండే ఊళ్ళో సీనియర్ల అపార్ట్‌మెంట్‌కి మారుతోందట. "వెళ్ళేలోగా నీకు కావలసినవన్నీ తవ్వుకో. ముఖ్యంగా వాకిట్లో పెద్దది. కొత్తగా కొనేవాళ్ళు దాన్ని మిషన్ పెట్టి చదును చేసేస్తారు" అంది.

వాకిట్లో పెద్దదంటే 'సమ్ అండ్ సబ్‌స్టన్స్'. లేత పసుపు ఆకులు, ఒక్కోటి మన విస్తరంత. ఆరడుగుల వెడల్పు దుబ్బు. వాళ్ళాయన రిటైరైన ఏడాది పెట్టాడట. హోస్టాలు పెంచేవాళ్ళ లోకంలో పాత సూపర్‌స్టార్ అది.

జూన్ అంతా నత్తలు. గుల్ల లేని నత్తలు, ఇక్కడ స్లగ్స్ అంటారు. పగలు కుండీల కింద చల్లగా పడుకుంటాయి, రాత్రి బయల్దేరతాయి. వాటి నాలుక మీద వేల సంఖ్యలో సూక్ష్మమైన పళ్ళు ఉంటాయి, కొబ్బరి కోరాం మీద తురిమినట్టు ఆకుని తురుముతాయి. పొద్దున్నే చూస్తే ఈనెల మధ్య చిల్లులు, మీద వెండి జరీలాంటి చార. మా అమ్మ చెప్పిన కాపలా ఇదే. టార్చిలైటు, చిమటా, సబ్బునీళ్ళ డబ్బా. మొదటి రాత్రి అరవై రెండు పట్టాం. మా ఆయన ఎక్సెల్ షీటు తెరిచి లెక్క రాయడం మొదలెట్టాడు, మేమిద్దరం ఏం చదువుకున్నామో ఆ షీటు చూస్తే తెలుస్తుంది. గిన్నెలో బీరు పోసి పెడితే వచ్చి పడతాయన్న చిట్కా కూడా పని చేస్తుంది గానీ, పడేవి పది, పక్కింటి నుంచి వాసనకొచ్చేవి ఇరవై. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు మేలు. తిన్నాక మేత మానేసి నాలుగైదు రోజుల్లో పోతాయి. కుక్కలున్న ఇళ్ళల్లో మెటల్డిహైడ్ మందు జోలికి మాత్రం పోకూడదు, అది కుక్కల్ని చంపుతుంది. ఆకు ఎంత దళసరిగా ఉంటే నత్త అంత తక్కువ తింటుంది కాబట్టి, కొత్తగా కొనేవాళ్ళు ఆకుని వేళ్ళ మధ్య పట్టి చూసి కొనుక్కోండి. తమలపాకు బేరం చేసినట్టే.

నత్తలతోనైనా బేరం ఉంది. జింకలతో లేదు. హోస్టా అంటే జింకలకి మిఠాయి కొట్టు. జూన్ చివర్లో ఒక్క రాత్రి, ఒక తల్లీ రెండు పిల్లలూ (పొద్దున్న గిట్టల అచ్చులు చూసి చెప్తున్నా) పదకొండు కుండీలు ఖాళీ చేశాయి. కాడలు మాత్రం వదిలేశాయి, ఆస్పరాగస్ కట్టలు నిలబెట్టినట్టు. కుళ్ళిన గుడ్డు, వెల్లుల్లి వాసనొచ్చే మందు కొట్టాలి, వాన పడ్డప్పుడల్లా మళ్ళీ కొట్టాలి. అది కొట్టిన రోజు మా ఇంటికి ఎవరూ టీకి రాలేదు. జింకలూ రాలేదు లెండి.

ఇవన్నీ మొక్కకి దెబ్బలే గానీ రోగాలు కావు. జులైలో వచ్చింది అసలైనది.

పక్కింటి పెద్ద దుబ్బుని ఎలా తవ్వాలా అని చుట్టూ తిరిగి చూస్తుంటే, పసుపు ఆకుల మీద ఈనెల వెంబడి ముదురు పచ్చ మరకలు కనిపించాయి. సిరా కలం కారితే కాగితం మీద పాకుతుందే, అలా. కొన్నిచోట్ల ఆకు కండ ముడతపడి ఉంది. హోస్టా వైరస్ ఎక్స్ అంటే ఇదే. 1996లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు గుర్తించారు. అంతకుముందూ ఆ తర్వాత కొన్నాళ్ళూ ఈ మరకలు చూసి జనం ముచ్చటపడ్డారు. కొత్త రకాలు పుట్టాయనుకుని 'బ్రేక్‌డాన్స్' అనీ 'లెపర్డ్ ఫ్రాగ్' అనీ పేర్లు పెట్టి అమ్మారు, కొన్నారు. రోగానికి పేరుపెట్టి కుండీలో పెట్టుకున్నారన్నమాట.

మావయ్యకి ఫోన్ చేశాను. వీడియోలో ఆకు చూపిస్తే, "మినుముకి పల్లాకు తెగులొస్తే ఏం చేస్తాం? పీకి పారేస్తాం. ఇదీ అంతే" అన్నాడు.

"పల్లాకు తెల్లదోమ వల్ల వస్తుంది కదా మావయ్యా. ఇది పురుగు వల్ల రాదంట. రసం అంటుకుంటేనే వస్తుందంట."

"అంటే కత్తి. ఒకదాన్ని కోసిన కత్తి కడక్కుండా ఇంకోదానికి పెట్టుంటారు. మా దగ్గర కుర్రాళ్ళకి రోజూ ఇదే చెప్తాను, వినరు."

ఈ వైరస్‌కి మందు లేదు. మొక్క చావదు కూడా. ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండొచ్చు, ఈలోగా పువ్వుకాడలు కోసే కత్తెర దగ్గర్నించి గడ్డి కోసే మిషన్ దాకా అన్నీ మోసుకుపోతాయి. తెగులున్నదాన్ని వేళ్ళతో సహా తవ్వి, సంచీలో కట్టి చెత్తలో పడెయ్యాలి. కంపోస్ట్‌లో వెయ్యకూడదు. నేలలో వేరు ముక్క మిగిలితే దాన్లో వైరస్ బతికే ఉంటుంది.

కళ్ళతో చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. లాగ్స్ చూడకుండా బగ్ అనెయ్యడం లాంటిది అది. పరీక్ష స్ట్రిప్పులు దొరుకుతాయి, తెప్పించాను. ఆకు ముక్కని చిన్న సంచీలో ద్రవంతో నలిపి స్ట్రిప్పు ముంచాలి. ఒక గీత వస్తే లేదు, రెండొస్తే ఉంది. కోవిడ్ పుణ్యమా అని ఈ భాష అందరికీ వచ్చు. పెద్ద దుబ్బు: రెండు గీతలు. దాన్నుంచి మూడేళ్ళ క్రితం నాకిచ్చిన పిలక, ఇప్పుడు మా గుమ్మం పక్కన అందరికంటే ముందు అందరూ చూసేది: రెండు గీతలు. కత్తిని ప్రతి కోతకీ బ్లీచ్ నీళ్ళల్లో ముంచే అలవాటు నాకు మావయ్య దగ్గర్నించే వచ్చింది, అందుకేనేమో అనుమానంతో పరీక్ష చేసిన మిగతా ఏడింటికీ ఒక్క గీతే.

నా పిలక నేను పీకేస్తాను, అది నా ఇష్టం. ఆవిడకి చెప్పాలా?

"చెప్పకు" అన్నాడు మా ఆయన. "నెలలో వెళ్ళిపోతోంది. సరే తవ్వుకున్నామని చెప్పి, తవ్వి, పారేద్దాం. ఆవిడ మన గరాజ్‌లోకొచ్చి చూస్తుందా?" ఈ మాటలో దయ లేదని నేనను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి డాక్టరు రిపోర్టులు చెప్పకుండా దాచేది కూడా ఈ దయతోనే. నాకు మాత్రం అది నచ్చదు. నలభై ఏళ్ళు మట్టిలో చేతులు పెట్టిన మనిషికి తన మొక్క సంగతి తెలియకూడదనడం, ఆవిడకి వయసైపోయింది కాబట్టి ఏం చెప్పినా నమ్ముతుందిలే అనడమే. పైగా ఆవిడ దాని పిలకలు వీధంతా పంచింది. వాళ్ళకీ తెలియాలి.

వెళ్ళి చెప్పాను. స్ట్రిప్పు కూడా చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని గీతలు లెక్కపెట్టుకుంది. "పోయినేడాది నుంచి ఆ మరకలు కనిపిస్తున్నాయి. నా కళ్ళే పాడయ్యాయనుకున్నాను. శుక్లాలు కదా" అంది. కాసేపాగి, "ఆయన ఉంటే ఒప్పుకునేవాడు కాదు. నీతో వాదించేవాడు" అని, "శనివారం రా. పార పెద్దది తీసుకురా" అంది.

శనివారం పొద్దున్న రెండు గంటలు పట్టింది. మట్టి కింద వేళ్ళు మంచం పట్టీలంత మందాన అల్లుకుపోయి ఉన్నాయి. ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. అటు వేరుంది, ఇటు ఉంది అని కర్రతో చూపిస్తూనే ఉంది. వేరు ముక్కల కోసం మట్టిని జల్లెడ పట్టించింది కూడా. ఆరు నల్ల సంచులు. మా ఆయన వాటిని రోడ్డు పక్క డబ్బాల దాకా మోశాడు. చివరి సంచీ మూతి కట్టబోతుంటే ఆవిడ ఆపి, ఒక ఆకు కాడ వాసన చూసి, మళ్ళీ సంచీలో వేసింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఇంట్లోంచి ఏవో చీటీలు తెచ్చి, ఎవరెవరికి పిలకలు ఇచ్చిందో గుర్తున్నంత మటుకు రాసింది. తొమ్మిది ఇళ్ళు. అందులో ఇద్దరు లేరు, ముగ్గురు ఇల్లు మారారు. మిగతా నలుగురికీ తనే ఫోన్ చేసింది. ఒకాయన నమ్మలేదట. ఎప్పుడూ అలాగే ఉంది కదా నా మొక్క అన్నాడట.

జులై, ఆగస్టు ఎండల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నీళ్ళు, నీళ్ళు, ఇంకా నీళ్ళు. నీలం హోస్టాలు పచ్చగా మారిపోయాయేంటని కొందరు కంగారుపడతారు. ఆ నీలం రంగు కాదు, ఆకు మీద మైనపు పొర. ద్రాక్షపండు మీద బూడిదలా ఉంటుందే, అలాంటిదే. ఎండకీ వానకీ అది అరిగిపోతుంది, కింద ఉన్న పచ్చ బయటపడుతుంది. మళ్ళీ వసంతం దాకా రాదు. చేత్తో తుడిచినా పోతుంది కాబట్టి, వచ్చిన చుట్టాలు ముట్టుకోకుండా చూసుకోవాలి. మనవాళ్ళతో ఇది కష్టం.

ఇంకో మాట, వంటగది వాళ్ళ కోసం. హోస్టా లేత మొలకలు తినొచ్చు. జపాన్‌లో 'ఉరుయి' అని వసంతంలో కూరగాయల్లో అమ్ముతారు. గరాజ్‌లో ముందే మొలిచిన కొన్ని లేత మొనల్ని ఏప్రిల్‌లో కోసి పెసరపప్పులో వేశాను, మందులేవీ కొట్టకముందే. బచ్చలికూరలాంటి జిగురు, కొంచెం ఆస్పరాగస్ రుచి. నిమ్మకాయ పిండితే బాగుంది. కుక్కలకీ పిల్లులకీ మాత్రం ఇది విషం, వాటికి పెట్టకండి. నత్త గుళికలు, జింక మందు పడ్డ ఆకు మనుషులకీ వద్దు.

ఆగస్టులో ఆవిడ పెరటి గుమ్మం పక్కనున్న పాత దుబ్బు పూసింది. ప్లాంటాజీనియా అనే చైనా రకం. హోస్టాల్లో వాసన ఎక్కువున్నది ఇదే. తెల్లని పొడుగాటి గొట్టాల్లాంటి పూలు, సాయంత్రం పూట విచ్చుకుంటాయి. వాసన లిల్లీకీ మల్లెకీ మధ్యలో ఉంటుంది. దానికి ఒక్క గీతే వచ్చింది, రెండుసార్లు చూశాం. ఆవిడ ఊరెళ్ళే ముందు వారం దాన్ని తవ్వి, మూడు చేశాం. ఒకటి నాకు, ఒకటి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఉన్నచోటే, ఒకటి కుండీలో ఆవిడతో. అపార్ట్‌మెంట్‌కి బాల్కనీ ఉందట. శీతాకాలం ఇంట్లో పెట్టొద్దు, చలిలోనే వదిలెయ్యమని నేను చెప్పబోతే, "నాకు చెప్తున్నావా హనీ" అంది.

ముప్ఫై ఎనిమిదిలో ఇప్పుడు ముప్ఫై నాలుగు కుండీలున్నాయి. ఒకటి వైరస్‌కి పోయింది, మూడు మంచు దెబ్బ నుంచి లేవలేదు. పెద్ద దుబ్బు ఉన్నచోట కొత్తగా కొన్నవాళ్ళు ఇంకా ఏమీ పెట్టలేదు. హోస్టా మాత్రం కొన్నేళ్ళు పెట్టొద్దని వాళ్ళకి చెప్పాను, ఫెర్న్‌లు పెట్టుకోమన్నాను.

మావయ్య మొన్న ఫోన్ చేశాడు. ఈ మొక్కకి ఎన్ని రోజులు, ఎన్ని డిగ్రీల చలి కావాలో మళ్ళీ అడిగి రాసుకున్నాడు. ఎందుకంటే, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఆయన ఒకరు తెలుసట. బస్తాల మధ్య ఒక మూల పది కుండీలు నెలన్నర పెట్టనిస్తారేమో కనుక్కుంటాడట. మొక్కలు ఇండియాకి పంపాలంటే దిగుమతి పర్మిట్టు, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టు, క్వారంటైను అన్నీ ఉంటాయి మావయ్యా అన్నాను. "అవన్నీ నేను చూసుకుంటాను. ముందు ఆ స్ట్రిప్పులు ఎక్కడ దొరుకుతాయో చెప్పు" అన్నాడు.